యాడ దిగినారు?

సుంకులమ్మ హైదరాబాదులో కాపురం పెట్టిననాడు ఆమె చేతిలో ఉన్న సరుకు తక్కువే. పుట్టింటివాళ్లు ఇచ్చిన ఇనప పెనం, రొట్టె తట్టే చెక్కపీట, ఒక మూట జొన్నలు, చంకలో ఏడాది నిండని ఆడపిల్ల. వీటితోపాటు అత్త ఓబులమ్మ బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని అప్పజెప్పిన మాట ఒకటి. పెనం వాడుకోవచ్చు, పీట వాడుకోవచ్చు. ఆ మాటను మాత్రం వాడకూడదు, దానికి కట్టుబడాలి. నోటితో అనకూడని మాటకు చేతులతో చాకిరీ చేయాలి. ఇదేం సరుకో ఆనాడు ఆమెకు బోధపడలేదు. వ్యాపారంలో దిగాక బోధపడింది. బేరం ఒప్పుకునేది ఒకరు, బస్తా మోసేది ఇంకొకరు.

ఆ మాట "యాడ దిగినారు?"

బయటివాళ్లకు అది మామూలు ప్రశ్నే. ఊరికి వచ్చిన మనిషిని ఎక్కడ బస చేశారని ఎవరైనా అడుగుతారు. పెద్దవాగుపల్లె వాళ్లకు అది అట్లా కాదు. కృష్ణ మీద శ్రీశైలం ఆనకట్ట నిండినప్పుడు ఆ పల్లె, దాని చుట్టుపక్కల పల్లెలు మునకలో పోయాయి. మూటలు, మేకలు, గోడల్లోంచి పీకిన తలుపులు, దూలాలు బండ్లకెత్తుకుని జనం రోడ్డున పడ్డారు. ముందుగా పోయి గుడిసె వేసుకున్నవాడు వెనక వచ్చే బండిని ఆపి "యాడ దిగినారు?" అనేవాడు. బండివాడు "ఇంకా దిగలేదు" అంటే చాలు, ఎడ్లను ఆ గుడిసె ముందర విప్పాల్సిందే. ఎందుకొచ్చారని అడగకూడదు. ఎన్నాళ్లుంటారని అసలే అడగకూడదు. ఉన్న రొట్టెను సగానికి విరవాలి. గుడిసెలు పోయి ఇండ్లు వచ్చాయి. జనం కర్నూలుకు కొందరు, హైదరాబాదుకు కొందరు చెదిరిపోయారు. ఆ బండ్లు ఎక్కనివాళ్లు, ఆ తర్వాత పుట్టినవాళ్లు పెద్దవాళ్లయ్యారు. మాట మాత్రం పోలేదు. మునక ఊళ్లవాళ్లు ఎక్కడ కలిసినా బాగోగులు అన్నీ మాట్లాడుకుంటారు గానీ ఆ రెండు మాటలు ఊరికే అనరు. అంటే ఇంటి తలుపు తీసినట్టే.

"ఆ మాట మగోడు అడగాల," అని చెప్పింది ఓబులమ్మ బస్సులో. "మనం అడగగూడదు. ఆడదాని మాటకు ఇల్లు కట్టుబడదు. ఆయప్ప అడిగినాక నువ్వు మొగం మాడ్చుకోకుండా రొట్టె కాల్చు. అదే మన మర్యాద."

ఆయప్ప, అంటే సుంకులమ్మ మొగుడు రంగనాథ్, అడగడంలో ఎన్నడూ వెనకాడలేదు. పుప్పాలగూడ ఇంకా బండలు, జొన్నచేలుగా ఉన్న రోజుల్లో అతను స్కూటరు మీద జనాన్ని ఎక్కించుకుని ప్లాట్లు చూపించేవాడు. చూపించి చూపించి అక్కడే తనకూ ఒక ఇల్లు లేపుకున్నాడు. పైన ఒక గది వేశాడు. దానికి దిగుడు గది అని పేరు పెట్టాడు. మునక ఊరి నుంచి ఎవరొచ్చినా ఆ గదిలోనే దిగాలి. వచ్చారు. కంప్యూటరు కోర్సులకు వచ్చిన పిల్లలు, ఉద్యోగాలు దొరికేదాకా ఉన్న పిల్లలు, ఆపరేషనుకు వచ్చిన ముసలివాళ్లు, వాళ్లకు తోడొచ్చినవాళ్లు, కోర్టు పనికొచ్చినవాళ్లు, ఏ పనీ లేకుండా వచ్చినవాళ్లు. పై గదికి ఎక్కిన ప్రతి కంచమూ కింద వంటింట్లోంచే ఎక్కింది. దిగిన ప్రతి కంచమూ మళ్లీ ఆ వంటింటి తొట్టిలోకే దిగింది. రంగనాథ్ ఆ మెట్ల మీద కంచం పట్టుకుని కనిపించిన రోజు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

"మా ఇంట్లో పొయ్యి ఆరదు సార్," అనేవాడు అతను వచ్చినవాళ్లతో. అతని గొంతులో ఆ మాట ఎంత నిండుగా ఉండేదంటే, విన్నవాళ్లు పొయ్యిని చూడకుండానే నమ్మేవాళ్లు. సుంకులమ్మ వంటింట్లోంచి వినేది. పొయ్యి ఆరదన్న మాట నిజమే. ఆరకుండా చూసేదెవరో ఆ మాటలో లేదు. పిల్లకు జ్వరమొచ్చి ఒళ్లో వేసుకుని కూర్చున్న రోజు "పైనోళ్లు ఆకలి మీదుండారు, రెండు చేతులుండాయి గదా" అన్నాడు. నడుం నొప్పి అంటే "నాలుగు రొట్టెలు ఎక్కువ తడితే చేతులు అరిగిపోతాయా?" అన్నాడు. పుట్టింటి నుంచి తమ్ముడొచ్చినప్పుడు మాత్రం రంగనాథ్ ఆ ప్రశ్న అడగలేదు. "ఏం బామ్మర్దీ, ఎప్పుడొచ్చినావు, మళ్లా బస్సెప్పుడు?" అన్నాడు. తమ్ముడికి అర్థమైంది. పొద్దుగూకకముందే బస్సెక్కాడు. సుంకులమ్మది నెమలికొట్టాల. అదీ మునకలో పోయిన పల్లెనే, పెద్దవాగుపల్లె ముందర వాగుకు ఆ ఒడ్డున ఉండేది. నీళ్లు రెంటినీ ఒకే తీరుగా ముంచాయి. రంగనాథ్ లెక్కలో మాత్రం ఒకటే మునిగింది.

గదిలో ఉండి ఉద్యోగాలు తెచ్చుకున్న పిల్లలు వెళ్లేటప్పుడు రంగనాథ్ కాళ్లకు దండం పెట్టేవాళ్లు. వంటింటి గుమ్మం దాకా వచ్చి "అత్తా, పోయొస్తా, నీ రొట్టె మర్చిపోను" అనేవాళ్లు. మర్చిపోలేదు, అదీ నిజమే. వాళ్లలో దినేష్ అనే పిల్లవాడు ఉండేవాడు. గదిలో అందరికంటే ఎక్కువ కాలం ఉన్నాడు. వాడి బట్టలు కూడా ఆమే ఉతికింది. ఇప్పుడు గచ్చిబౌలిలో పెద్ద ఉద్యోగం. ఒకనాడు ఆఫీసువాళ్లను వెంటబెట్టుకుని రొట్టె తినడానికి వచ్చి, "ఈమె చేతి రొట్టె నాకు చాలా ఏండ్లుగా తెలుసు. రంగనాథ్ మామ వాళ్లింట్లో వంట చేసేవారు" అని పరిచయం చేశాడు. వాడు తక్కువ చేసి అనలేదు. మెచ్చుకుంటూనే అన్నాడు. అదే ఆమె మనసులోంచి పోలేదు. ఇన్నేండ్లూ ఆ ఇంట్లో తను ఏమిటో ఆ పిల్లవాడు ఉన్నదున్నట్టు చెప్పాడు.

దినేష్ వచ్చింది ఆమె దుకాణానికే. కూతురు నవ్య ఇంజనీరింగులో చేరిన ఏడాది సుంకులమ్మ కొండాపూర్‌లో ఒక సందులో చిన్న షట్టరు తీసుకుంది. జొన్నరొట్టె, పప్పు, గోంగూర, వేరుశనగల ఊరిబిండి. రంగనాథ్ నవ్వాడు. "ఇంట్లో చేసేది చాలక వీధిలో కూడానా?" అన్నాడు. ఆమె తన బుర్రలో వేరే లెక్క వేసుకుంది. ఇంట్లో కాల్చిన రొట్టెకు అతిథి లేచి వెళ్లేటప్పుడు పేరు రంగనాథ్‌ది. వీధిలో కాల్చిన రొట్టెకు తినేవాడు చెయ్యి కడుక్కుంటూనే "అక్కా, బాగుంది" అని ఆమె మొహం చూసి అంటాడు. వాడు మళ్లీ వస్తే రొట్టె కోసం వస్తాడు. రాకపోతే ఆమె తప్పు ఏమిటో ఆలోచించుకోవచ్చు. పిండి పాతబడి జిగురు పోయిందా, నీళ్లు సరిగ్గా మసలలేదా, పెనం వేడి చాలలేదా. తప్పు దిద్దుకుంటే ఫలితం కనిపిస్తుంది. ఇంట్లో ఎంత దిద్దుకున్నా ఫలితం ఇంకొకరి ఖాతాకే పోయేది. దుకాణం పెట్టాక ఆమెకు మొదటిసారి తన పని తన కళ్లకు కనిపించింది.

పనికి తోడుగా జ్యోతి చేరింది. పుప్పాలగూడ పాత ఊరి పిల్ల. వాళ్ల తాత చేను ఉన్నచోట ఇప్పుడు అద్దాల టవరు నిలబడి ఉంది. "మీ ఊరు నీళ్లల్ల మునిగింది అక్కా, మాది అద్దాలల్ల మునిగింది," అనేది జ్యోతి పిండి జల్లించుకుంటూ. "మేం యాడికీ పోలే. ఊరే మమ్మల్ని ఇడిశిపెట్టి పోయింది." సుంకులమ్మ తన పేరు చెప్పిన మొదటిరోజు జ్యోతి నోరు తెరిచింది. "సుంకులమ్మా? పేరుల్నే టాక్సు ఉన్నది గదా. ఇగ నీ దగ్గర ఎవడు బేరమాడ్తడు?" సుంకులమ్మ అంతగా నవ్విన రోజులు తక్కువ.

ఈ ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, ఆఫీసుల రద్దీ తగ్గాక, నీలం కోటు తొడుక్కున్న ముసలామె ఒకతె షట్టరు ముందు నిలబడింది. టవర్లలో నేలలు తుడిచే ఆడవాళ్లు వేసుకునే కోటు అది. చీర మీద తొడుక్కుంది, చేతులు పొడుగైతే మడుచుకుంది. "ఒక రొట్టె చాలు పాపా. ఊరిబిండి కొంచెం ఎక్కువెయ్యి," అంది.

ఊరిబిండి అని పేరు పెట్టి అడిగేవాళ్లు ఆ సందులో తక్కువ. అందరూ పచ్చడి అంటారు. సుంకులమ్మ తలెత్తింది. రొట్టె అందుకున్న చెయ్యి దాన్ని తుంచలేదు. రెండు చేతులతో పట్టుకుని మధ్యకు విరిచి, పెద్ద ముక్కను పక్కన పెట్టి, చిన్నముక్క తినడం మొదలుపెట్టింది. పక్కన ఎవరూ లేకపోయినా పెద్ద ముక్క పక్కనే ఉంది. ఆ విరవడాన్ని సుంకులమ్మ చేతులు ముందుగా గుర్తుపట్టాయి. మనసుకు పేరు అందడానికి ఇంకొంచెంసేపు పట్టింది.

"దస్తగిరమ్మ పెద్దమ్మవు గదా? నెమలికొట్టాల?"

ముసలామె కళ్లు చిట్లించి చూసింది. "ఎవురు పాపా నువ్వు?"

"బండి కింద నీ పక్కలో పండుకున్న పిల్లను."

నెమలికొట్టాల మునిగినప్పుడు సుంకులమ్మ ఇంకా బడి మొహం చూడని పిల్ల. జాగా వెదకడానికని ముందుగా పోయిన నాయన తిరిగిరావడం ఆలస్యమైంది. అమ్మకు చలిజ్వరం. బండిని రోడ్డు వారగా ఆపుకుని కూర్చున్నారు. గుడిసెలు వేసుకున్న మగవాళ్లు వచ్చేవాళ్లు, బండిలోకి తొంగిచూసేవాళ్లు, "మగోళ్లు లేరా?" అనేవాళ్లు, పోయేవాళ్లు. మగవాడు లేని బండిలో ఎవరిని అడగాలి? అడిగినా "ఇంకా దిగలేదు" అని జవాబు చెప్పే నోరు ఆ బండిలో లేదు. అంత గొప్ప మర్యాద ఆ బండి పక్కనుంచి అట్లా నడిచిపోయింది. దస్తగిరమ్మ అప్పటికే మొగుడు పోయిన మనిషి. ఆమెనూ ఎవరూ అడగలేదు. ఆమె తన మూటలోంచి చాప తీసి బండి కింద పరిచింది, జ్వరపు మనిషిని పడుకోబెట్టింది, పిల్లను తన పక్కలో వేసుకుంది. ఉన్న ఒక్క రొట్టెనూ విరిచి పెద్ద ముక్క పిల్ల చేతిలో పెట్టింది. ఆ మాట మాత్రం అనలేదు. అనే హక్కు ఆమెకూ లేదు మరి.

ఇప్పుడు ఆ దస్తగిరమ్మ ఒక కాంట్రాక్టరు కింద టవర్లు తుడుస్తోంది. కొడుకు లేడు, ఉన్న కూతురు కాపురం అంతంతమాత్రం. కాంట్రాక్టరు ఆడవాళ్లందరినీ ఒక రేకుల షెడ్డులో పెట్టాడు. "పని తెల్లాపూరు పక్కకు పోతాందంట. ఆదివారానికి షెడ్డు పీకేస్తారంట. ఆడ ఇంకా రేకులు ఎయ్యలేదంట," అంది దస్తగిరమ్మ, వేరెవరి సంగతో చెప్తున్నట్టు.

సుంకులమ్మ నోటినుంచి వచ్చేదాకా ఆ మాట వస్తుందని ఆమెకే తెలియదు.

"యాడ దిగినావు పెద్దమ్మా?"

దస్తగిరమ్మ నమలడం ఆపింది. షట్టరు లోపలికి, సుంకులమ్మ వెనక్కి చూసింది. వెనక మగవాడెవరైనా ఉన్నాడేమోనని. పెనం, పీట, పిండి తట్టుకుంటున్న జ్యోతి తప్ప ఎవరూ లేరు. కోటు అంచుతో మూతి తుడుచుకుంది. తర్వాత, గుడిలో మంత్రానికి బదులు పలికినట్టు నెమ్మదిగా అంది.

"ఇంకా దిగలేదు."

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి రంగనాథ్ హాల్లో సెల్లు ముందేసుకుని ఫ్లెక్సీ బొమ్మ చూసుకుంటున్నాడు. ఆదివారం తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌసులో మునక ఊళ్లవాళ్ల సమ్మేళనం. అందులో అతనికి శాలువా కప్పుతున్నారు. ఫ్లెక్సీలో అతని ఫొటో కింద "అతిథి బంధు" అని రాశారు. పక్కన దివాను మీద ఓబులమ్మ వెల్లుల్లి ఒలుస్తోంది.

"యాడ దిగినావని అడిగినా," అంది సుంకులమ్మ.

"ఎవుర్ని?"

"మా నెమలికొట్టాల దస్తగిరమ్మ పెద్దమ్మను. ఆదివారం వస్తాది. పై గదిలో ఉంటాది."

అతను నవ్వాడు. నిజంగానే నవ్వొచ్చింది అతనికి. "నువ్వడిగినావా? ఆ మాట ఇంటిది సుంకులూ."

"ఇంటిదాన్ని నేనే గదా."

"ఇంటిదంటే ఇంటాయనదని." సెల్లు పక్కన పెట్టాడు. "ఇంతకీ ఏం పనంట ఆమెది?"

"టవర్లలో తుడిచే పని."

"బాత్రూములు కడిగే ఆమెనా?" గొంతు తగ్గించాడు, పక్కింటికి వినపడుతుందేమో అన్నట్టు. "ఆదివారం కర్నూలు నుంచి సంఘం అధ్యక్షుడు దిగుతాండాడు ఆ గదిలో. నేనే అడిగినా. ఆయప్పను పెట్టుకుని ఆ గదిలో ఈమెనా?"

"ఆయప్ప పోయినాకే ఎక్కిస్తాలే. అంతవరకు నా పక్కన కింద పండుకుంటాది." అది బేరం. ఎంత తగ్గితే మాట నిలుస్తుందో అంత తగ్గడానికి ఆమె సిద్ధంగానే ఉంది.

"వద్దు. ఒకరిని తెస్తే ఇంక నెమలికొట్టాలంతా దిగుతాది."

"పెద్దవాగుపల్లె అంతా దిగలేదా?"

"అది మా ఊరు."

"ఇది మా ఊరు."

"పెండ్లయినాక నీకు వేరే ఊరేంది? మా ఊరే నీ ఊరు."

"అట్లయితే మీ ఊరామె అడిగినట్టే గదా. నిలబెట్టు."

రంగనాథ్ దగ్గర జవాబు అయిపోయినప్పుడు గొంతు పెరుగుతుంది. "తెలివి దుకాణంలో చూపీ, ఇంట్లో గాదు. ఆడదాని మాటకు ఇల్లు కట్టుబడదు. కావాలంటే మా అమ్మనడుగు. ఆ ముసలామెకు రోజూ రెండు రొట్టెలు కట్టియ్యి, వద్దంటినా? పుణ్యం. గది మాత్రం లేదు."

ఓబులమ్మను ఎవరూ అడగలేదు. ఆమె వెల్లుల్లి పాయ ఒకటి ఒలిచి గిన్నెలో వేసి, ఎవరినీ చూడకుండా మొదలుపెట్టింది. "నా చెల్లెలొచ్చింది ఒకసారి. మునిగిన ఏడే. చంకలో పిల్లోడు. మీ మామ చేనికాడ ఉండె. నేను గడపలో నిలబడి దాన్ని చూస్తాండా, అది నన్ను చూస్తాంది. నేను అడగలేదు. ఆయప్ప వచ్చేసరికి అది ఇంకో బండెక్కిపోయింది." ఇంకో పాయ తీసుకుంది. "మళ్లా కనపడలేదు."

కొడుకు వైపో కోడలి వైపో తేలకుండా ఆమె లేచి గిన్నె వంటింట్లో పెట్టి, పోయి పడుకుంది.

సుంకులమ్మ ఆ రోజులన్నీ రొట్టెలు తడుతూనే లెక్క వేసింది. ఆమె లెక్క ఎప్పుడూ చేతులతోనే. పిండి పిసికేటప్పుడు ఒక పక్క వచ్చింది, ఒక పక్క పోయింది అని విడదీసుకుంటుంది. ఆ ఇంట్లోకి తను పోసింది ఏమిటి? ఒళ్లు, నిద్ర, పిల్ల చిన్నతనం చూసుకోవాల్సిన పొద్దులు, తమ్ముడి ముందు తల దించుకోవడం. దానికి బదులు ఏమొచ్చింది? నీడ వచ్చింది, నిజమే. తిండి వచ్చింది, అదీ తను వండిందే. పేరు రాలేదు. పోనీ, పేరు లేకపోతే బతకలేమా? బతకొచ్చు. కానీ ఆ మాట? అంత పెద్ద మాటను నిలబెట్టింది తన చేతులు. ఆ చేతులు లేకపోతే రంగనాథ్ "యాడ దిగినారు" అన్న ప్రతిసారీ అది ఖాళీ సంచీ. సరుకంతా తనది, సంచీ మీద ముద్ర అతనిది. సరే, ఇన్నేండ్లూ ఒప్పుకున్నాను. ఇప్పుడు నేనే ఒక్కసారి, ఒకే ఒక్క మనిషిని అడిగితే, సరుకు నాదే కదా, మాట ఎందుకు చెల్లదు? చెల్లకపోతే ఆదివారం దస్తగిరమ్మ మూట పట్టుకుని మళ్లీ రోడ్డు వారన నిలబడుతుంది. మొదటిసారి ఆమెను ఎవరూ అడగక నిలబడింది. ఈసారి అడిగినవాళ్లు ఉండీ నిలబడుతుంది. దానికంటే అడగకపోవడమే మేలు. వ్యాపారం చేసే మనిషి ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటే మర్నాడు షట్టరు ఎత్తడం దేనికి?

దుకాణం వెనక ఇనప మెట్లు ఉన్నాయి. పైన జొన్న బస్తాలు పెట్టుకునే గది. చిన్న కిటికీ, ఒక ఫ్యాను, పక్కన స్నానాల గది. కిరాయి కాగితం మీద పేరు సుంకులమ్మది. శుక్రవారం ఆమె, జ్యోతి కలిసి బస్తాలను కిందికి దించి షట్టరు లోపల గోడవారగా పేర్చారు. నేల కడిగారు. జ్యోతి నడుం పట్టుకుని నిలబడి గదంతా చూసింది.

"ఎవరొస్తుండ్రక్కా?"

"మా చుట్టం."

"ఇల్లు అంత పెద్దగుండంగ గిట్ల బస్తాల రూముల పెడ్తవా చుట్టాన్ని?"

"ఆ ఇల్లు నా నోటికి కట్టుబడదంట జ్యోతీ. ఈ గది కట్టుబడతాది."

జ్యోతికి పూర్తిగా అర్థమైందో లేదో. చీపురు మూలన పెట్టి, "ఫికర్ చెయ్యకు అక్కా, మా ఇంట్ల చాప ఉన్నది, తెస్త," అంది. మర్నాడు ఒకటి అనుకుంటే రెండు తెచ్చింది.

సమ్మేళనానికి రొట్టెలు దుకాణం నుంచే పంపుతానని సుంకులమ్మ ముందే ఒప్పుకుని ఉంది. ఒప్పుకున్న సరుకును ఒప్పుకున్నట్టు పంపింది. ఆదివారం తెల్లవారకముందే పెనాలన్నీ ఎక్కించి, కాల్చి, గుడ్డల్లో చుట్టి, ఆటోలో జ్యోతితో తెల్లాపూరుకు పంపించింది. తను మాత్రం పోలేదు. మొహం కడుక్కుని, వేరే చీర కట్టుకుని, షట్టరు సగం దించి కూర్చుంది.

మధ్యాహ్నం సమ్మేళనం నుంచి నవ్య వీడియో పంపింది. రంగనాథ్ వేదిక మీద శాలువాతో మైకు పట్టుకుని ఉన్నాడు. "మా గడప ముందరికొచ్చి 'ఇంకా దిగలేదు' అన్న మనిషి ఎన్నడూ ఎనక్కి పోలేదు," అంటున్నాడు. చప్పట్లు. వెంటనే నవ్య ఫోను చేసింది. "మమ్మీ, నాన్న నీ పేరే చెప్పలేదు. అందరూ రొట్టెలు సూపర్ అంటున్నారు. నువ్వెందుకు రాలేదు?"

"నాకూ ఒక చుట్టం వస్తాంది, అందుకని. పేరు చెప్పడులే నవ్యా. బస్తా మీద మోసినోళ్ల పేరు ఉండదు."

"నేను వెళ్లి మైకులో చెప్పనా?"

"వద్దు. నువ్వు తిన్నావా?"

ఫోను పెట్టేసరికి సందు మొదట్లో దస్తగిరమ్మ కనిపించింది. నీలం కోటు లేదు. నేత చీర కట్టుకుంది. చేతిలో గుడ్డ మూట, ఇంకో చేతిలో కాంట్రాక్టరు ఇచ్చిన ప్లాస్టిక్ బకెట్టు. సుంకులమ్మ ఎదురుపోయి మూట అందుకుంది. కాళ్లకు నీళ్లిచ్చింది. పెనం మీద మంట పెట్టి ఒక రొట్టె కాల్చి ఇస్తే, ముసలామె దాన్ని విరిచి పెద్ద ముక్క సుంకులమ్మ చేతిలో పెట్టింది. ఈసారి దాన్ని తినే మనిషి పక్కనే ఉంది. ఇద్దరూ గడపలో కూర్చుని తిన్నారు.

ఎండ వాలుతుండగా రంగనాథ్ ఫోను.

"యాడుండావు? అధ్యక్షుడు ఇంటికొచ్చినాడు. ఆడ సరిగ్గా తినలేదంట. మీ ఇంటి రొట్టె వేడివేడిగా కావాలంటాండాడు."

"ఆయప్పను అడిగింది నువ్వే గదా?"

"అడిగినా. అయితే?"

"అయితే నువ్వే కాల్చు. పిండి డబ్బాలో ఉండాది, నిన్ననే పట్టించింది. నీళ్లు మసలబెట్టి పిండిలో పోసి, చెయ్యి కాలకుండా గరిటతో కలుపు."

 అతని గొంతు దగ్గరగా, పళ్ల మధ్య నుంచి వచ్చింది. "పరువు తీస్తాండావా? పెద్దమనిషి హాల్లో కూర్చోనుండాడే."

"నీ మాటకు నువ్వు కట్టుబడు. నా మాటకు నేను కట్టుబడినా."

"ఆ ముసలామె ఆడుందా? దుకాణంలోనా? సరే, ఉండనీ. నువ్వెప్పుడొస్తావు? ఎన్నాళ్లుంటావు ఆడ?"

"దిగినోళ్లను అది అడగగూడదు గదా," అంది సుంకులమ్మ. ఫోను పెట్టేసింది.

పెట్టేశాక షట్టరు పూర్తిగా దించింది. ధైర్యం చేసిన మనిషికి ధైర్యం వెంటనే రాదు, లెక్కే ముందొస్తుంది. ఇంటి గేటు, వంటింటి తొట్టి, పైకి పోయే మెట్లు, రేపు ఎవరెవరు ఏమంటారో, నవ్య పెండ్లి మాటలప్పుడు ఇది ఎట్లా బయటికొస్తుందో, అన్నీ వరసగా కళ్లముందు తిరిగాయి. నష్టం ఎంతో ఆమె తక్కువ చేసి చూసుకోలేదు. చూసుకునే మెట్లెక్కింది.

పైన దస్తగిరమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఎదురు టవరు అద్దాల్లో పొద్దు కుంగుతోంది. ఆ అద్దాల్లో కొన్నిటిని తనే తుడిచానని చూపించింది. తర్వాత నేల మీద పరిచిన చాపలను చూసింది. ఒకదాని మీద ఆమె మూట. రెండోదాని మీద సుంకులమ్మ ఇంటి నుంచి పొద్దున్నే తెచ్చుకున్న చిన్న సంచీ.

ముసలామె సంచీని చూసింది. సుంకులమ్మ మొహం చూసింది. ఏం జరిగిందని అడగలేదు. మొగుడితో గొడవా అని అడగలేదు. కొంగు సవరించుకుని, వీపు నిటారుగా పెట్టి, ఆనాడు బండి పక్కన అనలేకపోయిన మాటను ఇప్పుడు అంది.

"యాడ దిగినావు పాపా?"

మునక ఊళ్లో పుట్టి, మునక ఊరికి కోడలై, ఆ మాట కోసం ఇన్ని పెనాలు అరగదీసిన సుంకులమ్మను ఆ మాట అడిగినవాళ్లు ఇంతవరకు లేరు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. జవాబు తనకు తెలుసు. 

"ఇంకా దిగలేదు పెద్దమ్మా."

దస్తగిరమ్మ తన చాపను రెండో చాప పక్కకు జరిపి, రెండిటి అంచులు కలిపింది.

వచ్చిననాడు తెచ్చుకున్న పెనం అరిగి పలచబడింది. పీట ఎప్పుడో పగిలి పొయ్యిలోకి పోయింది. జొన్నల మూట మొదటి నెలలోనే చెల్లిపోయింది, చంకలో పిల్ల చంక దిగి తన జీతం తను తెచ్చుకుంటోంది. వాడకూడదని కట్టి ఇచ్చిన మాట ఒక్కటే మిగిలి ఉండింది. దాన్ని సుంకులమ్మ జీవితంలో ఒక్కసారి విప్పి ఒక్క మనిషికి ఇచ్చింది. ఇచ్చిన సరుకు ఇచ్చినంతా తిరిగి తన చేతికే రావడం ఆమె వ్యాపారంలో అదే మొదటిసారి.